సింధు తీరానికి – గాలి స్ప్రింగుల ఆసరాతో

ఇంజనీర్లు విహారయాత్రకు బయలుదేరినా చేతిలోని పానా విడిచిపెట్టరని మా ఇళ్ళలో ఒక పరిహాసోక్తి ఉన్నది. 2024 జూన్ మాసంలో హైదరాబాదు నుండి లేహ్ వరకు మేము చేసిన ప్రయాణం ఆ మాటను నిజం చేసినది. ఆ దారిలోని కొండలను గురించి, కనుమలను గురించి ఎందరో వ్రాసి ఉన్నారు. మమ్మల్ని అక్కడికి చేర్చిన బండిని గురించి, దాని వెనుక ఇరుసుకు మేము అమర్చుకొన్న రెండు గాలి స్ప్రింగులను గురించి కూడా నాలుగు మాటలు చెప్పుకొనడం మన పత్రిక పాఠకులకు అప్రస్తుతం కాదని భావిస్తున్నాము.

మేము అంటే రెండు కుటుంబాలు, నలుగురు మనుషులు. ఒకే విభాగంలో ముప్పది ఏండ్లుగా పంపులకు, కంప్రెసర్లకు, కన్వేయర్లకు మరమ్మతులు చేయించుతూ వచ్చిన ఇద్దరు ఇంజనీర్లము, మా సతీమణులు. మాలో పెద్దవారి సతీమణిని మిగిలినవారము వదినగారు అని పిలుస్తాము. ఆమె తండ్రిగారు ప్రతిరోజూ స్నానవేళ ఏడు నదుల పేర్లు గల శ్లోకం చదివేవారట. అంతర్వాహిని అయిన సరస్వతిని మినహాయిస్తే, ఆ శ్లోకంలోని నదులలో ఆమె చూడవలసినది సింధువు ఒక్కటే మిగిలి ఉండినది. అయితే 2021లో ఆమె వెన్నెముకకు శస్త్రచికిత్స జరిగినది. ఎక్కువసేపు కూర్చొనరాదు, కుదుపులు తగలరాదు, కావలసినప్పుడు నడుము వాల్చుకొనే వీలుండాలి అని వైద్యులు చెప్పారు. విమానంలో వెళ్ళి ఒక్కసారిగా 3,500 మీటర్ల ఎత్తున దిగడం కన్నా, దారిలో ఆగుతూ మెల్లగా ఎక్కడమే ఆమెకు మేలని కూడా వారే అన్నారు. అందుకే మాకు పడకలున్న బండి అవసరమైనది.

2022లో ఒక పాత పదమూడు సీట్ల వ్యాను కొని, దానిని కారవానుగా మార్పించి, రవాణా కార్యాలయంలో ఆ మేరకు పత్రాలు సరిచేయించుకొన్నాము. లోపల రెండు పడకలు, చిన్న వంటగట్టు, 150 లీటర్ల నీళ్ళ ట్యాంకు, జనరేటరు, ఇన్వర్టరు బ్యాటరీ, పైన సామాను వేసుకొనడానికి ఇనుప క్యారియరు. ఇల్లే చక్రాల మీద కదులుతున్నదని మురిసిపోయాము.

ఆ మురిపెం 2023 జనవరిలో శ్రీశైలం దారిలో తీరిపోయినది. మన్ననూరు దాటి నల్లమల అడవిలో ప్రవేశించేసరికి పొద్దు వాలినది. లైట్లు వేస్తే అవి రోడ్డు మీద కాక చెట్ల కొమ్మల మీద పడుతున్నాయి. ఎదురుగా వచ్చే ప్రతి డ్రైవరూ కళ్ళు జిగేలుమంటున్నాయని లైట్లు ఆర్పి వెలిగించి మమ్మల్ని మందలిస్తూనే ఉన్నాడు. స్టీరింగు పట్టు లేక తేలిపోతున్నది. ఈగలపెంట దాటిన తరువాత ఒక మలుపులో చిన్న గుంత వచ్చినది. వెనుక ఇరుసు పైకి లేచి చాసిస్ కింద ఉండే రబ్బరు దిమ్మెకు ఠప్పున కొట్టుకొన్నది. వెనుక పడకమీద ఉన్న వదినగారు కెవ్వున అరిచారు. ఆ యాత్ర అక్కడితో ముగిసినది. తిరిగి వచ్చిన తరువాత రెండు వారాల పాటు ఆమె మంచం దిగలేదు. ఆ రెండు వారాలూ మేమిద్దరమూ ఒకరి ముఖం ఒకరు చూచుకొనలేకపోయాము.

కారణం తెలియనిది కాదు. సామానంతా వెనుక చేరినది. కమాను కట్టలు 70 మిల్లీమీటర్లు అణగిపోయి, బండి తోక దించి తల ఎత్తినది. అందుకే లైట్లు ఆకాశం చూచినవి, స్టీరింగు తేలికైనది, కట్టలకు అణగడానికి చోటు మిగలక దెబ్బ నేరుగా పడకకు తగిలినది.

దీనికి విరుగుడుగా గాలి స్ప్రింగులు అమర్చాలని నిశ్చయించాము. వందే భారత్ రైళ్ళలోను, పెద్ద లగ్జరీ బస్సులలోను పెట్టెను మోసేది గాలి స్ప్రింగులే. మేము ఎంచుకొన్నది అటువంటి పూర్తి ఏర్పాటు కాదు. ఉన్న కమాను కట్టలను ఉన్నట్లే ఉంచి, వాటికి తోడుగా చాసిస్‌కు ఇరుసుకు నడుమ ఇరువైపులా ఒక్కొక్క రబ్బరు బుగ్గను నిలిపే సహాయక పద్ధతి. నైలాను దారపు అల్లికతో బలపరచిన రబ్బరు బుగ్గ అది; నడుమ నొక్కు ఉండి, ఒకదానిపై ఒకటి పేర్చిన రెండు గారెలవలె కనిపిస్తుంది. టైరుకు ఉండే వాల్వు వంటిదే దీనికీ ఉంటుంది. సన్నని నైలాను గొట్టం ద్వారా గాలి నింపుతారు. బుగ్గ మోసే బరువు లోపలి ఒత్తిడిని దాని వైశాల్యంతో గుణించినంత. మా బుగ్గల వైశాల్యం సుమారు 120 చదరపు సెంటీమీటర్లు. చదరపు అంగుళానికి 30 పౌండ్ల గాలి, అనగా చదరపు సెంటీమీటరుకు 2.1 కిలోలు నింపితే, ఒక్కొక్కటి 250 కిలోలు, రెండూ కలిసి అర టన్ను మోస్తాయి. నొక్కినకొద్దీ గట్టిపడడం గాలి స్వభావం కనుక, చిన్న గతుకుకు మెత్తగా, పెద్ద గుంతకు గట్టిగా ఎదురు నిలుస్తాయి.

అమర్చినది హైదరాబాదు శివారులోని ఒక పెద్ద మిస్త్రీ. చదువు తక్కువ, అనుభవం ఎక్కువ. రెండు బుగ్గలకూ ఒకే గొట్టం, ఒకే వాల్వు పెడితే గాలి పట్టడం సులువని మేము సూచించాము. ఆయన చేయి ఆపి, "గట్ల వద్దు సార్. మలుపుల బండి ఒక్క దిక్కు ఒరుగుతది" అన్నాడు. ఒక్క క్షణం ఆలోచించి సిగ్గుపడ్డాము. మలుపులో బయటి వైపు బుగ్గ మీద భారం పడగానే, అందులోని గాలి గొట్టం గుండా లోపలి వైపు బుగ్గలోకి పోతుంది; ఆసరా కావలసిన చోట గాలి తగ్గి, అక్కరలేని చోట పెరుగుతుంది. ఇటువంటి ప్రశ్నలు ఇంటర్వ్యూలలో కుర్రవాళ్ళను అడిగే మాకు ఆ రోజు జవాబు మిస్త్రీ చెప్పవలసి వచ్చినది. ఆయన రెండు గొట్టాలు, రెండు వాల్వులు వేశాడు. సైలెన్సరు గొట్టం వేడి తగలకుండా కుడి బుగ్గకు రేకు అడ్డు పెట్టాడు. ఎంత ఖాళీ బండి అయినా 10 పౌండ్లకు తగ్గనీయవద్దని, తగ్గితే బుగ్గ మడతల మధ్య నలిగి చిరుగుతుందని హెచ్చరించాడు.

గాలి నింపగానే బండి లేచి సమంగా నిలిచినది. లైట్లు రోడ్డు మీదికి దిగినవి. ఆ సంతోషంలో మేము చేసిన ఆలోచన ఇక్కడ దాచకుండా చెప్పుకోవాలి. బండికి బలం వచ్చినది కదా, లేహ్ యాత్రకు మరొక బ్యాటరీ, మరొక నీళ్ళ డబ్బా కూడా వేసుకొనవచ్చునని అనుకొన్నాము. వేసుకొనక ముందు ఎందుకైనా మంచిదని దారిలోని వే బ్రిడ్జి మీదికి బండిని ఎక్కించాము. నలుగురమూ లోపల కూర్చున్నాము, ట్యాంకు నిండా నీళ్ళున్నాయి. మొత్తం బరువు 3,750 కిలోలు. రిజిస్ట్రేషను పత్రం ప్రకారం ఉండవలసినది 3,500. వెనుక ఇరుసును మాత్రమే తూచితే 2,420. దాని పరిమితి 2,300. బుగ్గలలో గాలి తీసి ఒకసారి, నింపి ఒకసారి తూచి చూచాము. బండి వెనుక భాగం కళ్ళముందే రెండంగుళాలు లేచినది. కాటా మీది అంకె మాత్రం ఉన్నచోటనే ఉన్నది.

ఆ అంకె చాలసేపు మా మనసులో నిలిచిపోయినది. గాలి స్ప్రింగు బండిని ఎత్తుతుందే కాని బరువును తగ్గించదు. కమాను కట్టల మీద కొంత భారం తగ్గవచ్చును. ఇరుసు, చక్రాలు, టైర్లు, బ్రేకులు మోసేది మాత్రం అంతకు ముందు ఎంతో తరువాతా అంతే. పైగా తోక వాలి ఉన్నప్పుడు బండి తన కష్టాన్ని కంటికి కనిపించేటట్లు చెప్పినది. ఇప్పుడు సమంగా నిలిచి ఆ కష్టాన్ని దాచిపెట్టినది. ఏటా భద్రతా వారోత్సవాలలో ప్రతిజ్ఞ చేసే మేము, కర్మాగారంలోకి వచ్చే ప్రతి లారీని తూచనిదే లోనికి పంపని మేము, మా మనుషులు ఎక్కే బండిని రెండేండ్లలో ఒక్కసారైనా తూచలేదు.

ఆ సాయంత్రం నుండే సామాను దించడం మొదలైనది. జనరేటరు 48 కిలోలు, బ్యాటరీ 58, పైనున్న ఇనుప క్యారియరు 40. నీళ్ళ ట్యాంకును 60 లీటర్లకు కుదించి, వెనుక నుండి తీసి రెండు ఇరుసుల నడుమ నేల కింద బిగించాము. వెనుక ఇరుసుకు అవతల వేలాడే బరువు తన బరువు కన్నా ఎక్కువ భారం వేస్తుంది. ఇరుసుల నడుమ దూరం మూడు మీటర్లైతే, వెనుక ఇరుసుకు ఒక మీటరు అవతల పెట్టిన 100 కిలోలు దానిమీద 133 కిలోలై పడి, ముందు ఇరుసు నుండి 33 కిలోలు ఎత్తివేస్తాయి. స్టీరింగు తేలిపోయిన రహస్యం అదే. బియ్యం, పప్పులు, ఊరగాయ జాడీలు కలిపి మరొక 30 కిలోలు తీసివేశాము. ఆవకాయ జాడీ దగ్గర మాత్రం గట్టి వాదోపవాదాలు జరిగి, చివరకు చిన్న సీసాతో రాజీ కుదిరినది. మళ్ళీ తూచితే ముందు 1,397, వెనుక 2,087, మొత్తం 3,484. వదినగారి పడకను కూడా వెనుక ఇరుసు మీద నుండి ముందుకు జరిపాము. ఏ బండిలోనైనా రెండు ఇరుసుల నడుమ భాగమే తక్కువ కుదుపు గలది.

2024 మార్చిలో పరీక్షార్థం మళ్ళీ శ్రీశైలం వెళ్ళాము. ఈసారి పగలే. 50 పౌండ్ల గాలితో బండి గట్టిగా ఎగిరినది, 20తో వెనుక కొంచెం వాలినది, 30తో కుదురుకొన్నది. మా కొలమానం వదినగారి నడుమే. "ఇది బాగుంది" అని ఆమె అన్న చోట గాలి పట్టడం ఆపాము. అయితే ఆనకట్ట వైపు దిగుతున్నప్పుడు ముందు చక్రాల నుండి మాడు వాసన వచ్చినది. ఆపి చూస్తే ముందు బ్రేకులు చేయి పెట్టలేనంత వేడెక్కి ఉన్నవి. వెనుకవి గోరువెచ్చగా ఉన్నవి.

ఆ రాత్రి సత్రంలో కూర్చొని బండి పుస్తకం తిరగవేస్తే విషయం బయటపడినది. ఇటువంటి అనేక వాహనాలలో, భారాన్ని బట్టి వెనుక బ్రేకులకు అందే ఒత్తిడిని హెచ్చించి తగ్గించే వాల్వు ఒకటి ఉంటుంది. చాసిస్‌కు ఇరుసుకు నడుమ ఎడం ఎంత ఉన్నదో ఒక కమ్మీ ద్వారా అది కనిపెడుతుంది. ఎడం తగ్గితే బండిలో బరువున్నదని, పెరిగితే ఖాళీ బండి అని దాని లెక్క. మేము గాలితో ఎడం పెంచాము. పాపం ఆ వాల్వు ఖాళీ బండి అనుకొని వెనుక బ్రేకులను తగ్గించివేసినది. భారమంతా ముందు బ్రేకుల మీద పడినది. మనుషుల కళ్ళనే కాదు, యంత్రం కళ్ళను కూడా ఆ సమమైన ఎత్తు మోసగించినది. మరునాడు పగటిపూట కింది గేర్లలో నెమ్మదిగా ఇల్లు చేరి, బ్రేకుల పని తెలిసినవారి చేత తయారీదారు చెప్పిన పద్ధతిలో ఆ కమ్మీని సరిచేయించాము. ఇటువంటి స్ప్రింగులు అమర్చుకొనే మిత్రులు మరేది మరచినా దీనిని మరువవద్దని మనవి.

జూన్ మొదటి వారంలో బయలుదేరి నాగపూర్, ఝాన్సీ, ఆగ్రా, ఢిల్లీల మీదుగా రోజుకు నాలుగు వందల కిలోమీటర్లకు మించకుండా మనాలీ చేరాము. అక్కడ 30 పౌండ్లు సరిచూచుకొని బయలుదేరాము. 2020 అక్టోబరు 3న ప్రారంభమైన అటల్ సొరంగం 9.02 కిలోమీటర్ల పొడవు గలది. ఇటువైపు దేవదారు వృక్షాలు, అటువైపు లాహౌల్ లోయలో బోడి కొండలు. పావుగంటలోపు లోకం మారిపోయినది. తాండీ వద్ద చంద్రా, భాగా నదులు కలిసి చీనాబుగా మారుతాయి. గాలి పలచదనానికి శరీరం అలవాటు పడడానికి కేలాంగులో రెండు రాత్రులు, జిస్పాలో ఒక రాత్రి ఆగాము. వదినగారి వేలికి ప్రాణవాయువు కొలిచే పరికరం తగిలించి ఉదయం, సాయంత్రం పుస్తకంలో వ్రాసుకొన్నాము. ఆ అంకెల పక్కనే మరొక వరుసలో బుగ్గల ఒత్తిడి.

బారాలాచా కనుమ సుమారు 4,890 మీటర్లు. దాని దిగువన భాగా నదికి పుట్టినిల్లైన సూరజ్ తాల్ అంచులలో ఇంకా మంచు ఉన్నది. ఆ రాత్రి సర్చూలో గడిపాము. తెల్లవారి నీళ్ళు గడ్డకట్టే చలిలో బుగ్గలు 30 చూపితే, ముందటి మధ్యాహ్నం ఎండలో 33 చూపినవి. ఎత్తుకు పోయినకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గుతుంది కనుక లోపలి గాలి పొంగి మీటరు ఎక్కువ చూపుతుంది. చలి దానిని కిందికి లాగుతుంది. పాఠ్యపుస్తకంలో చదివి మరచిన సూత్రం ఆ చలిలో మీటరు ముల్లు మీద కనిపిస్తే చిన్నపిల్లలమై సంబరపడ్డాము.

మరునాడు గాటా లూప్స్ అనే 21 మలుపులు ఎక్కి, లాచులుంగ్ కనుమ దాటి, పాంగ్ వైపు దిగుతుండగా రోడ్డు చెడినది. పాంగ్ గుడారాల వద్ద టీ తాగడానికి ఆగితే బండి ఎడమవైపు ఒరిగి ఉన్నది. ఎడమ బుగ్గలో గాలి లేదు. వాల్వు దగ్గర సబ్బు నీళ్ళు పోసి చూస్తే గొట్టం చివరన బుడగలు. ఆ చివర, మనాలీలో గొట్టం పొడవు సవరిస్తూ మేమే కత్తిరించినది. బ్లేడుతో నిటారుగా కోయవలసిన దానిని తొందరలో కటింగు ప్లేయరుతో ఏటవాలుగా కత్తిరించాము. చలికి బిగిసి, కుదుపులకు కదిలి జారినది. మళ్ళీ కోయడానికి పొడవు చాలదు. ముందర మోరే మైదానం, దాని తరువాత 5,328 మీటర్ల తంగ్‌లాంగ్ కనుమ.

కొంతసేపు ఎవరమూ మాట్లాడలేదు. వెనుకకు పోవడమంటే మళ్ళీ ఆ కనుమలే. చివరకు వదినగారే, "బుగ్గలు లేకముందు ఈ బండిని మోసినవి ఏవి? అవి ఉన్నవి కదా?" అని అడిగారు. కాగితం తీసి లెక్క వేశాము. వెనుక ఇరుసు మీద 2,087, పరిమితి 2,300. కమాను కట్టలు తమ హద్దులోనే మోయగలవు. తూచుకొనక ముందటి 2,420 కిలోలతో వచ్చి ఉంటే అక్కడి నుండి ముందుకు కదలమని ఎవరమూ అనేవారము కాదు. బండి సమంగా నిలవడానికి కుడి బుగ్గను కూడా కనిష్ఠానికి తగ్గించాము. వెనుక కొద్దిగా వాలినది. బ్రేకుల కమ్మీ ఆ ఎత్తుకు తగినట్లుగా ఒత్తిడి పెంచుతుంది కనుక ఆ భయం లేదు. పగలే కనుక లైట్ల బెడదా లేదు. వదినగారి పడక కింద ఉన్న దుప్పట్లన్నీ పరచి గంటకు 20 కిలోమీటర్ల వేగంతో సాగిపోయాము. ఖాళీ బుగ్గ నలగకుండా ప్రతి గతుకునూ వంగి వంగి దాటాము. మోరే మైదానం ఆకాశానికి వేసిన అరుగువలె చదునుగా ఉండి మమ్మల్ని కరుణించినది. తంగ్‌లాంగ్ కనుమ మీద ఐదు నిమిషాలకు మించి ఆగలేదు.

సాయంకాలానికి రుమ్‌త్సే దాటి ఉప్‌షీ వద్ద లోయ విశాలమైనది. వంతెన పక్కన బూడిదరంగు నీటితో సింధువు పారుతున్నది. బండి ఆపి, చెరొక వైపు చేయి అందించి వదినగారిని ఒడ్డుకు దించాము. ఆమె వంగలేదు. అందుకని ఒక చెంబుతో నీళ్ళు ముంచి ఇస్తే, తల మీద చల్లుకొని, తండ్రిగారి శ్లోకం పెదవులు కదలకుండా చదువుకొన్నారు. ఆ తరువాత చెంబులో మిగిలిన నీళ్ళను బండి వెనుక చక్రం మీద పోశారు. ఎందుకని మేము అడగలేదు.

అక్కడి నుండి లేహ్ సుమారు 50 కిలోమీటర్లు. మరునాడు లేహ్ బజారులో పది రూపాయల బ్లేడు కొని, కొత్త గొట్టం ముక్కను నిటారుగా కోసి బిగించాము. బుగ్గలు లేచినవి. తిరుగు ప్రయాణంలో వాటికి ఏ లోపమూ రాలేదు. అవి మంచి ఆసరా అని, ఆసరా మాత్రమేనని ఇప్పుడు మాకు తెలుసు. మా బండి తలుపు లోపలివైపు ఆ 3,484 కిలోల కాటా రసీదును అతికించి ఉంచాము. కొత్త సామాను ఏది ఎక్కవలసి వచ్చినా, ముందు దానిని చూచి తరువాత ఎక్కించడం ఇప్పుడు మా ఇంటి నియమమైనది.